ఆరోగ్యశ్రీ కార్డుతో ఫిట్స్ వైద్యం: హనుమకొండలో మా అనుభవం

హనుమకొండలో ఆరోగ్యశ్రీ చెల్లే న్యూరాలజీ క్లినిక్ ఏదైనా ఉందా, అమ్మకు రెండు నెలలుగా ఫిట్స్ వస్తున్నాయి అని మీరు అడిగారు. మూడేళ్ల కిందట మా బాపుకు ఇదే ఇబ్బంది వచ్చినప్పుడు నేను కూడా ఇదే ప్రశ్న పట్టుకుని పరకాల నుంచి బయలుదేరాను. వారం రోజులు తిరిగాక, ప్రశ్న అడగడంలోనే పొరపాటు ఉందని తెలిసింది. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేర్చుకుని చేసే చికిత్సలకు ఉద్దేశించిన పథకం. ఆసుపత్రిలో చేరకుండా బయట దుకాణంలో కొనే బిళ్లలకు అది సాధారణంగా వర్తించదు.

మాకు ఈ సంగతి తెలియక, గేటు మీద పెద్ద అక్షరాలతో ఆరోగ్యశ్రీ బోర్డు ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లి, ఓపీ ఫీజు, ఈఈజీ, ఎమ్మారై కలిపి దాదాపు తొమ్మిది వేలు కట్టేశాము. బాపును చేర్చమన్నప్పుడు గానీ మెట్ల కింద ఉన్న ఆరోగ్యమిత్ర (ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే సహాయకుడు) బల్ల దగ్గరికి పోలేదు. ఆ అబ్బాయి రేషన్ కార్డు నంబరు కొట్టి, కంప్యూటరు తెర మా వైపు తిప్పి, "అన్నా, బోర్డు ఉన్నది నిజమే గానీ మాకు బొక్కలకు, ఆపరేషన్లకే ఉన్నది, న్యూరో లేదు" అన్నాడు. నెట్‌వర్క్ ఆసుపత్రులకు, అంటే పథకంలో చేరిన ఆసుపత్రులకు, అనుమతి విభాగాల వారీగా ఇస్తారు. అందుకని ఆసుపత్రిలో నరాల డాక్టరు కూర్చుంటున్నా, న్యూరాలజీ విభాగానికి అనుమతి లేకపోతే మీ కార్డు అక్కడ పనికిరాదు. డబ్బు కట్టక ముందే ఆరోగ్యమిత్రను అడగండి, లేదా ఇంటి నుంచే 104కు ఫోన్ చేసి "హనుమకొండ, వరంగల్‌లో న్యూరాలజీకి అనుమతి ఉన్న ఆసుపత్రులు ఏవి" అని విభాగం పేరు చెప్పి మరీ అడగండి. బయలుదేరే రోజు పొద్దున ఇంకోసారి కనుక్కోవడం మంచిది. 2025 సెప్టెంబరులో బకాయిల కోసం ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు కొన్ని రోజులు ఆరోగ్యశ్రీ సేవలను నిలిపివేశాయి కదా.

కుటుంబానికి ఏడాదికి ఉన్న పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. అయితే ఫిట్స్‌లో మనిషిని కుంగదీసేది ఒక్కసారి వచ్చే పెద్ద బిల్లు కాదు, ఏళ్ల తరబడి నెలనెలా కొనే బిళ్లలు, పరీక్షలు. ఆ ఖర్చుకు ప్రభుత్వాసుపత్రి ఓపీయే దారి అని నా అభిప్రాయం. మేము చివరకు కాకతీయ వైద్య కళాశాల ఆవరణలోని సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి వెళ్లాము. వరుసలో నిలబడాలి, సగం రోజు పోతుంది, కానీ బాపుకు రాసిన బిళ్లలు చాలా వరకు అక్కడే ఉచితంగా ఇచ్చారు. న్యూరాలజీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో ముందే తెలుసుకుని వెళ్లండి.

ఫిట్ ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా అది అత్యవసరం. అప్పుడు కార్డు గురించి ఆలోచించకుండా 108 పిలిచి దగ్గరి పెద్దాసుపత్రికి తీసుకుపోండి. అత్యవసర కేసుల్లో ముందు చేర్చుకుని, ఫోన్‌లో అనుమతి తీసుకుని, కాగితాలు తర్వాత పెట్టే వెసులుబాటు ఆరోగ్యశ్రీలో ఉంది. చేర్చుకున్నాక కార్డు కింద చేసే చికిత్సకు విడిగా డబ్బు అడిగితే 104కే ఫిర్యాదు చేయవచ్చు. డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు కూడా ప్యాకేజీలోనివే. చాలామంది ఇవి అడగకుండానే ఇంటికి వచ్చేస్తారు.

రేషన్ కార్డులోనూ ఆధార్‌లోనూ అమ్మ పేరు ఒకేలా ఉందో లేదో ఈరోజే చూడండి. బాపు ఇంటిపేరు ఒకదాంట్లో పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా ఉండడంతో మాకు రెండు రోజులు వృథా అయ్యాయి. ఇంకొక మాట, ఈసారి ఫిట్ వస్తే అమ్మను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఇంకెవరి చేతనైనా ఫోన్‌లో వీడియో తీయించండి. మేము నోటితో పావుగంట చెప్పినప్పుడు కాదు, నలభై సెకన్ల వీడియో చూశాకే డాక్టరు బిళ్ల మార్చారు.