పీజీవో పెట్టబోయే మేనకోడలికి

అమ్మడూ,

రైసు మిల్లుల లెక్కల సాఫ్ట్‌వేర్‌కి నువ్వు ప్రొఫైల్ గైడెడ్ ఆప్టిమైజేషన్ (పీజీవో) పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ పేరు పలకలేక రెండుసార్లు ఆగింది గానీ గొంతులో గర్వం ఆగలేదు. నాకూ సంతోషమే, కాస్త టెన్షన్ కూడా.

ప్రోగ్రామ్‌ని ముందు నమూనా పని మీద నడిపి, ఏ కోడ్ ఎక్కువ నడుస్తోందో చూసి, దానికి తగ్గట్టు మళ్లీ కట్టి వేగం పెంచడమే కదా పీజీవో. మామూలు సంగతులు నీకు తెలుసు. మామూలు ఓ2 (కంపైలర్ సాధారణ ఆప్టిమైజేషన్ స్థాయి) బిల్డ్‌నీ పీజీవో బిల్డ్‌నీ ఒకే మెషీన్ మీద మార్చి మార్చి నడుపు, వచ్చిన సమయాల్లో మీడియన్ (నడిమి అంకె) తీసుకో, ల్యాప్‌టాప్‌కి ఛార్జర్ తీయకు. ముందు టైమ్ కమాండ్‌తో సమయం ఎక్కడ పోతోందో చూడు. పది సెకన్లలో తొమ్మిది డేటాబేస్ కోసం కాచుక్కూర్చోవడమే అయితే పీజీవో సంగతి అక్కడితో వదిలెయ్.

నా భయమల్లా నమూనా డేటా గురించే. పాలకొల్లులో నాతో పనిచేసిన సీనియర్ ఒకాయన ఇదే చేశాడు. జీసీసీ కంపైలర్‌లో ఒకసారి కంపైల్ చేసి, నమూనా పని నడిపి, వచ్చిన ప్రొఫైల్‌తో మళ్లీ కంపైల్ చేయాలి కదా. ఆ నమూనాకి దాళ్వా అయిపోయాక మిల్లు ఖాళీగా ఉన్న రోజుల పని ఇచ్చాడు. పాత బిల్లులు వెతకడం, రిపోర్టులు తీయడం, అంతే. టెస్టు కూడా దాని మీదే. ఆఫీసులో పరుగులు తీసింది, అందరికీ టీ ఇప్పించాడు. సార్వా కోతలు మొదలయ్యాయి. మిల్లు బయట ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరాయి. ఒక్కో లోడుకీ తూకం, తేమ, తరుగు లెక్క. ఆ తరుగు లెక్క నమూనాలో ఒక్కసారీ నడవలేదు. ప్రొఫైల్‌లో నడవని కోడ్‌ని జీసీసీ వేగం వదిలేసి సైజు తగ్గేలా కడుతుంది. కాటా దగ్గర మునుపటికన్నా నెమ్మదైపోయింది. "కంప్యూటర్‌కి కూడా తేమ పట్టిందేంటండీ?" అన్నాడో రైతు. మాకెవరికీ నవ్వు రాలేదు.

అందుకే రెండు సీజన్ల పనీ నమూనాలో పెట్టు. టెస్టుకి మాత్రం వేరే ఏడాది డేటా తీసుకో.

ఎంత లాభమొస్తే ఉంచుతావో నడపకముందే కాగితం మీద రాసుకో. అంకె చూశాక ఎంతొచ్చినా చాలనిపిస్తుంది. పైథాన్ వాళ్లు కూడా పీజీవోని బిల్డ్‌కి ముందు నడిపే కాన్ఫిగర్‌లో అడిగితేనే ఇస్తారు, బిల్డ్‌కి అంతసేపు పడుతుంది మరి. అయినా నీ సమయం కాదే నేనడిగేది. సంక్రాంతికి నువ్విక్కడికొస్తే అక్కడ బిల్డ్ ఎవరు కడతారు? నీ జూనియర్‌తో ఒకసారి కట్టించు. పక్కన కూర్చో, చెయ్యి మాత్రం పెట్టకు. వాడు ఎక్కడెక్కడ ఆగాడో అదీ లెక్కలో వెయ్.

రాత్రంతా బెంచ్‌మార్క్ నడుస్తుంటే నువ్వు కాపలా కూర్చోనక్కర్లేదు, పడుకో. మిల్లు డేటా అడిగేటప్పుడు రైతుల పేర్లూ ఖాతా నంబర్లూ తీయించే తెచ్చుకో. అది మర్చిపోయావో, మీ అమ్మతో నేనే చెప్తా.

నీ మావయ్య