ముందు స్టాకు రిజిస్టరు, తర్వాతే ర్యాలీ

అమ్మాయ్,

జాగ్రత్త లేకుండా కలిసిన తర్వాత గర్భం రాకుండా వేసుకునే ఎమర్జెన్సీ గర్భనిరోధక మాత్ర అందరికీ తక్కువ ధరకి దొరకాలని ప్రచారం మొదలుపెడుతున్నాం, గుంటూరు లాడ్జి సెంటర్లో ర్యాలీ పెట్టమంటావా అని అడిగావు. ర్యాలీ సంగతి తర్వాత చూద్దాంలే.

మనం కొత్త చట్టమేమీ అడగక్కర్లేదు. 2005 నుంచే ఈ మాత్రని డాక్టరు చీటీ లేకుండా అమ్మొచ్చు. ప్రభుత్వం ఇచ్చేది ఈజీ పిల్, హెల్త్ సెంటర్లో ఉచితం, ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చిస్తే 2 రూపాయలు. అదే మందు, లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు, రంగు డబ్బాలో పెట్టి బజార్లో అమ్మితే సుమారు వంద. మీరు పట్టుకోవాల్సింది ఆ తేడానే.

అందుకని ముందు మీ వార్డు హెల్త్ సెంటరుకెళ్లి స్టాకు ఉందా, లేకపోతే సరుకు కావాలని పైకి ఇండెంటు ఎప్పుడు పెట్టారో కనుక్కో. అక్కడి నర్సు ఏఎన్ఎమ్ మీద అరవకు, పైనుంచి రాకపోతే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది! నోటిమాటతో తేలకపోతే జిల్లా వైద్యారోగ్య శాఖకి 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఏ సెంటరుకి ఏ నెలలో ఎన్ని వచ్చాయి, ఎన్ని పంచారు అని మాత్రమే అడుగు. "ఎందుకు ఇవ్వట్లేదు" అని రాశావో, అది సమాచారం కిందకి రాదని తిప్పి పంపుతారు.

మందుల షాపుల్లో ధర ఒక్కటే కాదు అడ్డు. బ్రాడీపేటలో హాస్టల్ పిల్లలు కౌంటరు ఖాళీ అయ్యేదాకా దగ్గు మందు చూస్తున్నట్టు నిలబడి, తీరా అడిగితే "ఎవరికమ్మా?" అనిపించుకుని వెనక్కొస్తారు. కొందరు షాపులవాళ్లు దీన్నీ అబార్షన్ కిట్‌నీ ఒకటే అనుకుని భయపడతారు కూడా. ఆ కిట్ డాక్టరు చూసి ఇవ్వాల్సిన మందు. ఈ మాత్రేమో అండం విడుదల కాకుండా ఆపుతుంది లేదా ఆలస్యం చేస్తుంది, అప్పటికే నిలిచిన గర్భాన్ని ఏమీ చేయదు. మీటింగులో మొదటి ప్రశ్న ఇదే వస్తుంది, తడుముకోకుండా చెప్పాలి.

కాలేజీల్లో మాట్లాడటం తేలిక, ఫొటోలూ బాగా వస్తాయి. కానీ మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లకపోతే మీ ప్రచారం సగమే. ఘాటుకి మొహానికి గుడ్డ కట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చుంటారు, వాళ్లు పని దిగేసరికి హెల్త్ సెంటర్ మూసేస్తారు, కలిసిన 72 గంటల్లో మాత్ర వేసుకోవాలంటే ఒక రోజు కూలి వదులుకోవాలి, పైగా ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుందాయె. వాళ్లలో ఇద్దరు పిల్లల తల్లి ఎవరైనా మైకు పట్టుకుంటే, "పెళ్లికాని పిల్లలు చెడిపోతారు" అనే పెద్దమనుషులకి మాట పెగలదు.

లేని గొప్పలు చెప్పకు. ఇది నెలనెలా వాడే మందు కాదు, సుఖవ్యాధుల్ని ఆపదు. 72 గంటలు దాటినవాళ్లకి అయిదు రోజుల్లోపు గర్భసంచిలో పెట్టే కాపర్-టి వేయించుకునే దారి ఉందని చెప్పు.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చేటప్పుడు పది డిమాండ్లు రాయకు. ప్రతి ఆశా కార్యకర్త సంచిలో ఈ మాత్ర ఎప్పుడూ ఉండాలి, అదొక్కటే రాయి, స్టాకు లెక్కలు వెనక జతచేయి, రసీదు తీసుకోకుండా అక్కడినుంచి కదలకు.

మీ అత్తయ్య