నెలకో గుడ్డు చొప్పున ఎన్నేళ్లొస్తాయి, డాక్టరమ్మా?

ప్రశ్న: నా వయసు 33. మాది గుణుపురం. పెళ్లై నాలుగేళ్లు. మొదటి రెండేళ్లు పిల్లలు అప్పుడే వద్దనుకుని మాత్రలు వాడాను. ఆపి రెండేళ్లైంది, ఇంతవరకూ నెల తప్పలేదు. మావారు హైదరాబాద్‌లో పనిచేస్తారు. రెండు నెలలకోసారి వచ్చి వారం రోజులు ఉండి వెళ్తారు. ఈమధ్య వైజాగ్‌లో ఒక ఆసుపత్రికి వెళ్లాను. రక్తపరీక్ష చేసి, ఏఎంహెచ్ (గుడ్ల నిల్వ అంచనా చెప్పే హార్మోన్) 0.9 ఉంది, గుడ్లు అయిపోతున్నాయి, వెంటనే ఐవీఎఫ్ చేయించుకోండి అన్నారు. ఆడపిల్ల పుట్టినప్పుడే గుడ్లు లెక్కగా వస్తాయట, తర్వాత కొత్తవి పుట్టవట. నిజమేనా? నేను పదకొండో ఏటే పెద్దమనిషినయ్యాను. అంటే నావి అందరికంటే ముందే ఖర్చవడం మొదలైనట్టా? మాత్రలు మింగి పాడుచేసుకున్నానని మా అత్తగారు అంటున్నారు. పక్కింటి ఒడియా మౌసి రోజూ రెండు నాటుకోడి గుడ్లు తినమంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, గుణుపురం

జవాబు: ముందు మౌసి సంగతి తేల్చేద్దాం. గుడ్లు తినండి, ఒంటికి మంచిదే. కాకపోతే కోడిగుడ్డు కడుపులోకి వెళ్లి మీ అండాల్లో చేరిపోదు. రెండింటికీ ఒకే పేరు ఉండటం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఈ సలహా నేను నలభై ఏళ్లుగా వింటున్నాను.

ఇక అసలు ప్రశ్న. అవునమ్మా, పుట్టేసరికే నిల్వ ఖాయమైపోతుందన్నది నిజమే. మీరు మీ అమ్మ కడుపులో అయిదో నెలలో ఉన్నప్పుడు మీ అండాశయాల్లో 60, 70 లక్షల అండకణాలు ఉండేవి. అంతకు మించి మళ్లీ ఎప్పుడూ లేవు. మీరు కేర్‌మన్న రోజుకే అవి 10, 20 లక్షలకి దిగిపోయాయి. పెద్దమనిషి అయ్యేనాటికి మిగిలినవి 3, 4 లక్షలు. ఒక్క ముట్టు కూడా రాకముందే అన్ని లక్షలు పోయాయి చూశారా? మీ భయానికి జవాబు అక్కడే ఉంది.

మీరు వేసిన లెక్కే వేద్దాం. ఏడాదికి 12, పోనీ 13. ముట్లు వచ్చే కాలం ఓ 35 ఏళ్లు. మొత్తం కలిపితే నాలుగు వందల పైచిలుకు. మూడు లక్షల్లోంచి నాలుగొందలు విడుదలైతే మిగతావి ఏమైపోయినట్టు? గాదె కింద పందికొక్కు అంటామే, అలాగన్నమాట. వంటకి మీరు తీసేది సోలెడు, కింద నుంచి పోయేది బస్తాలు. మీరు తీసినా పోతుంది, తీయకపోయినా పోతుంది. (పందికొక్కుతో పోల్చడం కాస్త అన్యాయమే. ఇక్కడ దొంగతనం ఏమీ లేదు, శరీరం ఏర్పాటే అది.) ప్రతి నెలా ఒక గుంపు అండాలు ఎదగడం మొదలుపెడతాయి. వాటిలో మామూలుగా ఒక్కటే విడుదలవుతుంది, మిగతావి అక్కడే కరిగిపోతాయి. గర్భంతో ఉన్నా, బిడ్డకి పాలిస్తున్నా, మాత్రలు వేసుకుంటున్నా ఈ రాలడం ఆగదు.

అందుకే మాత్రలు మీ గుడ్లని దాచిపెట్టలేదు, పాడూ చేయలేదు. మాత్రలు వాడుతుండగా పరీక్ష చేస్తే ఏఎంహెచ్ కొంచెం తగ్గి కనిపించవచ్చు, ఆపిన కొన్ని నెలలకి సర్దుకుంటుంది. మీరు ఆపి రెండేళ్లైంది కనక మీ అత్తగారి మాట అటు నుంచి చూసినా నిలవదు. ఐవీఎఫ్ ఇంజెక్షన్లతో గుడ్లన్నీ ఒకేసారి ఖర్చైపోతాయని కూడా కొందరు భయపడతారు. అవి ఆ నెల ఎలాగూ రాలిపోయేవాటినే పట్టి నిలబెడతాయి, అంతే.

పదకొండో ఏట పెద్దమనిషి కావడం గురించి. జూన్ మధ్యలో మన వైపు రజో పండగ వస్తుంది కదా. భూదేవి బహిష్టు అని మూడు రోజులు నాగలి కట్టరు, నేల తవ్వరు. ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు, నాలుగో రోజు భూమికి స్నానం. చిన్నప్పుడు పర్లాకిమిడిలో మా ఇంట్లో ముట్టైతే వసారాలో చాప, గోడకవతల ఒడియా వాళ్ల పెరట్లో అదే సంగతికి ఉయ్యాల. వాళ్లింట్లో పుట్టినా బాగుండేదని ఎంత కుళ్లుకునేదాన్నో! మిగతా నెలల్లో వాళ్లకీ చాపే అని తర్వాత తెలిసింది. ఆ పండగ వెళ్లగానే అమ్మలు చిన్నపిల్లల్ని వెంటబెట్టుకొచ్చి ఇదే అడుగుతారు, ఇంత తొందరగా అయింది, తొందరగా ఆగిపోతుందా అని. మీకు చెప్పిందే వాళ్లకీ చెబుతాను. పదకొండో ఏటికీ పదమూడో ఏటికీ మధ్య విడుదలయ్యేవి మహా అయితే పాతిక. లక్షల్లో పాతిక ఏ మూలకి?

మా అమ్మ 1936 మే నెలలో పుట్టింది. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది అదే ఏడాది ఏప్రిల్ 1న. నేను ఏ అండం నుంచి వచ్చానో అది అమ్మమ్మ కడుపులో అమ్మ ఉండగా తయారైంది. అప్పటికి మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. అంటే నాలో సగం మద్రాసు సరుకు, డెలివరీ ఒరిస్సాలో! పాతపట్నం అటు, పర్లాకిమిడి ఇటు అని గీత గీసినవాళ్లకి ఇదెక్కడ తెలుస్తుంది? ఆ అండం పాతికేళ్లు అక్కడే ఆగి ఉంది.

ఆ ఆగడంలోనే వయసు ప్రభావం ఉంది. ప్రతి అండం పిండదశలోనే క్రోమోజోముల పంపకం మొదలుపెట్టి సగంలో ఆపేస్తుంది. తాను విడుదలయ్యే నెలలో గానీ మళ్లీ ఆ పని ముట్టుకోదు. పాతికేళ్లు ఆగినదాని కంటే నలభై ఏళ్లు ఆగినదానిలో పంపకం తప్పే వీలు ఎక్కువ. అలా ఒక క్రోమోజోము ఎక్కువై వచ్చే డౌన్ సిండ్రోమ్‌తో బిడ్డ పుట్టే అవకాశం 35 ఏళ్ల తల్లికి సుమారు 350లో ఒకటి, 40 ఏళ్లకి సుమారు 100లో ఒకటి. అందుకే గుడ్లు ఎన్ని అన్నది ఒక సంగతి, ఎన్నేళ్లవి అన్నది ఇంకో సంగతి. మీవి 33 ఏళ్లవి. ఏఎంహెచ్ ఎంత ఉన్నా వాటి వయసు అదే.

ఏఎంహెచ్ అనేది అండాశయంలో ఎదుగుతున్న చిన్న ఫోలికల్స్ (అండం ఉండే తిత్తులు) తయారుచేసే హార్మోన్. నిల్వ ఎంతుందో అంచనా ఇస్తుంది. ఐవీఎఫ్ ఇంజెక్షన్లు ఇస్తే ఎన్ని అండాలు చేతికొస్తాయో ఊహించడానికి పనికొస్తుంది. మీకు మామూలుగా నెల తప్పుతుందో లేదో అది చెప్పలేదు. అమెరికాలో 30 నుంచి 44 ఏళ్ల మధ్య ఉన్న 750 మంది ఆడవాళ్లని పరిశీలించి 2017లో ఫలితాలు ప్రచురించారు. ఏఎంహెచ్ 0.7 కంటే తక్కువ ఉన్నవాళ్లూ, మామూలుగా ఉన్నవాళ్లూ దాదాపు ఒకేలా గర్భం దాల్చారు. వాళ్లు అప్పుడప్పుడే ప్రయత్నం మొదలుపెట్టినవాళ్లు, మీరు రెండేళ్లుగా అంటున్నారు, ఆ తేడా ఉంది. మీ వయసుకి 0.9 తక్కువే, దాచను. ఐవీఎఫ్‌కి వెళ్తే తక్కువ అండాలు రావచ్చు. కానీ ముట్టు నెలనెలా క్రమంగా వస్తుంటే (మీరు రాయలేదు) చాలావరకు అండం విడుదలవుతున్నట్టే. ఒక్క రక్తపరీక్ష కాగితం చూసి, మీవారి మొహం కూడా చూడకుండా ప్యాకేజీ చెప్పడం నాకు నచ్చలేదు.

కొత్త గుడ్లు పుట్టిస్తామనే పొడులు, ఇంజెక్షన్ల గురించి కూడా ఒక ముక్క. ఎలుకల్లో కొత్త అండాలు పుడుతున్నాయని 2004లో అమెరికాలో ఒక బృందం చెప్పింది, 2012లో ఆడవాళ్లలోనూ కొత్త అండాలు పుట్టించే మూలకణాలు ఉన్నాయంది. 2020లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా పరిశోధకులు అండాశయంలో కణం కణం వెతికి, అవి కనిపించలేదన్నారు. వాదన లోకంలో నడుస్తోంది, మందు మాత్రం ఇంకా రాలేదు. ఎవరైనా ఉందంటే పర్సు తీయకండి.

ఇప్పుడు గుడ్ల లెక్క వదిలేసి రోజుల లెక్క చూద్దాం. రెండేళ్లలో మీవారు రెండు నెలలకోసారి వస్తే మొత్తం 12 సార్లు వచ్చారు. నెలలో గర్భం నిలిచే వీలున్నవి ఆరు రోజులే. అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు అయిదు రోజులు. ఆ 12 రాకల్లో ఆయన వారం ఈ ఆరు రోజుల్లో ఏ ఒక్కదానితోనైనా కలిసింది ఎన్నిసార్లు? నేను కాగితం మీద వేసి చూశాను, అయిదుసార్లు కలిసి ఉంటే గొప్ప. అంటే మీరు ప్రయత్నించింది రెండేళ్లు కాదు, అయిదు నెలలు. బరంపురం మెడికల్ కాలేజీలో చదువుకునే రోజుల్లో, సూరత్ మరమగ్గాలకి వెళ్లినవాళ్ల భార్యలు గంజాం పల్లెల నుంచి ఇదే బాధతో వచ్చేవారు. గొడ్రాలని మాటపడి ఏడ్చేవారు. ఆయన ఎప్పుడొచ్చాడు, ఎప్పుడెళ్లాడు అని అడిగితే సగం జబ్బు అక్కడే తేలిపోయేది.

ముట్టు మొదలైన రోజుని ఒకటిగా పెట్టుకుని లెక్కేయండి. 28 రోజులకి వచ్చేవారైతే 9వ రోజు నుంచి 15వ రోజు దాకా ఆయన ఇంట్లో ఉండాలి. రైలు టికెట్ పండగ చూసి కాదు, మీ క్యాలెండర్ చూసి తీయమనండి. లేదా మీరే రెండు మూడు నెలలు హైదరాబాద్ వెళ్లి ఉండండి, అత్తగారికి నా పేరు చెప్పండి.

ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆయన పరీక్ష చేయించుకున్నట్టు ఒక్క ముక్క లేదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కారణం కూడా ఉంటుంది. మగవాళ్లకి నిల్వ గొడవ లేదు, వీర్యకణాలు ఎప్పటికప్పుడు కొత్తవి తయారవుతుంటాయి, ఒక విడతకి రెండున్నర నెలలు. ఆ పరీక్షా తేలికే. కొత్తవి తయారవుతుంటాయి కనక లోపం ఉన్నా కొన్నిసార్లు సరిచేసుకోవచ్చు. ఈసారి వచ్చినప్పుడు మొదటి పని అదే. మీకు థైరాయిడ్, ఒక స్కానింగ్, తర్వాత ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో చూడటం. మన రాయగడ, కోరాపుట్ వైపు సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తకణాల జబ్బు) ఎక్కువ కనక అది ఇద్దరికీ చూపించండి. ఫోలిక్ యాసిడ్ రోజుకి 400 మైక్రోగ్రాములు ఇప్పటి నుంచే వేసుకోండి, మీ ఆశా దీదీని అడగండి. రోజులు సరిగ్గా కుదిరి ఆరు నెలలు గడిచినా నిలవకపోతే అప్పుడు ఐవీఎఫ్ మాట ఆలోచిద్దాం. 35 దాకా మాత్రం సాగదీయకండి.

ప్రశ్న: నా వయసు 26, పెళ్లి కాలేదు. మా అమ్మకి 36 ఏళ్లకే ముట్టు ఆగిపోయింది, గర్భసంచి ఆపరేషన్ అయింది. నాకూ తొందరగా గుడ్లు అయిపోతాయా? మా నాయనమ్మ ఇప్పటికీ అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట) తాగుతుంది. దాని ప్రభావం నా మీద ఉంటుందా?
– పర్లాకిమిడి

జవాబు: ఆపరేషన్‌తో ఆగితే అది ఆగడం కాదు, ఆపడం. తల్లికి ముట్టు తనంతట తాను 40 లోపు ఆగిపోతే కూతురు జాగ్రత్తపడాలి, ఆ గుణం కుటుంబాల్లో వస్తుంది. ఆపరేషన్‌తోనే ఆగి ఉంటే మీ అమ్మది ఆ లెక్కలోకి రాదు. ఆపరేషన్‌కి ముందే ఆగిపోయిందా, ఆపరేషన్‌తో ఆగిందా అన్నది మాత్రం అమ్మని అడిగి తేల్చుకోండి. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం ఉంటే ఇంకా మంచిది.

పొగ తాగే ఆడవాళ్లకి ముట్టు ఒకటి రెండేళ్లు ముందుగా ఆగుతుందన్నది నిజమే. కానీ మీ అండం మీ అమ్మ కడుపులో తయారైంది, నాయనమ్మ కడుపులో కాదు. ఆమె పొగకి మీ గుడ్లు బాధ్యత వహించవు. ఆమె గురించి వేరే భయం ఉంది. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగేవాళ్లకి అంగిలి క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఎక్కువ. ఈ రాత్రి ఆమె నోరు తెరిపించి టార్చి వేసి అంగిలి చూడండి. తెల్లగా మందం కట్టి మధ్యలో ఎర్ర చుక్కలున్నా, మానని పుండు ఉన్నా వెంటనే తీసుకురండి.