ఐఎస్ఓ ముద్ర ఉన్న డీఎంఎల్‌టీ సర్టిఫికెట్ చెల్లుతుందా?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ అయ్యాక ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాది డీఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) చేసింది. ఫీజు 85 వేలు కట్టాం. ఆస్పత్రిలో ఉద్యోగానికి వెళ్తే పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ తెమ్మన్నారు. ఇన్‌స్టిట్యూట్ వాళ్లేమో 'మాది సెంట్రల్ గవర్నమెంట్ రికగ్నిషన్, స్టేట్ బోర్డుతో పని లేదు' అంటున్నారు. ఇంటర్ ఒరిజినల్ మెమో కూడా వాళ్ల దగ్గరే ఉంది. ఏం చేయాలి?

జవాబు: మీరు పంపిన సర్టిఫికెట్ ఫొటో పెద్దది చేసి చూశాను. పైన ఐఎస్ఓ 9001 గుర్తు, పక్కన 'ఎంఎస్ఎంఈ, భారత ప్రభుత్వం' అన్న మాట, కింద బంగారు రంగు స్టిక్కర్. యూనివర్సిటీ పేరు గానీ, బోర్డు పేరు గానీ, అనుబంధం నంబరు గానీ ఎక్కడా లేవు. అట్టడుగున చిన్న అక్షరాల్లో 'స్వయం ఉపాధి కోసం' అని ఉంది చూడండి, రేపు కేసు పడితే తప్పించుకోవడానికి పెట్టుకున్న లైను అది.

ఐఎస్ఓ 9001 అంటే ఒక సంస్థ తన పనిని ఒక పద్ధతిలో నడుపుతోందని ఇంకో ప్రైవేటు ఏజెన్సీ ఇచ్చే కాగితం, అందులో మీ అమ్మాయి చదువు ప్రసక్తే ఉండదు. ఎంఎస్ఎంఈ, అంటే చిన్న పరిశ్రమల శాఖ ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్ నంబరుతో ఆన్‌లైన్‌లో ఉచితంగా వస్తుంది, కిరాణా కొట్టుకు కూడా ఇస్తారు. సొసైటీ రిజిస్ట్రేషన్ కూడా ఇలాంటి కాగితమే. ఇవన్నీ సంస్థ ఉందని చెప్పే కాగితాలే తప్ప, కోర్సుకు గుర్తింపు ఉందని చెప్పేవి కావు.

అసలు చూడాల్సినవి రెండు. చదువు పూర్తయిందని చెప్పే డిగ్రీ లేదా డిప్లొమా ఒకటి, ఆ వృత్తి చేసుకోవచ్చని చట్టం ఇచ్చే రిజిస్ట్రేషన్ రెండోది. నా సంగతే తీసుకోండి, ఎల్‌ఎల్‌బీ పట్టా ఒక్కటే ఉంటే కోర్టులో వాదించలేను, 1961 అడ్వకేట్స్ చట్టం కింద బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయితేనే కుదురుతుంది. డాక్టర్లకు, నర్సులకు, ఫార్మసిస్టులకు ఇదే దారి. మొదటి కాగితం సరైన చోటు నుంచి రాకపోతే రెండోది పుట్టదు, మీ ఇంట్లో జరిగింది ఇదే. స్కిల్ సర్టిఫికెట్లు వేరే రకం, హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ఇచ్చేవి నిజమైనవే, కానీ అవి డిప్లొమాతో సమానం కావు.

వాళ్లు కేంద్రం పేరు చెబుతున్నారు కాబట్టి కేంద్ర చట్టమే తీద్దాం. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పరిధిలో ల్యాబ్ పని కూడా ఉంది. దాని ప్రకారం అలైడ్ హెల్త్ డిప్లొమాకు కనీసం రెండేళ్లు, 2000 గంటల చదువు ఉండాలి. ఏడాది కోర్సు అక్కడే ఆగిపోతుంది. 'సొంత ల్యాబ్ పెట్టుకుని రిపోర్టులు ఇచ్చుకోవచ్చు' అని కూడా చెప్పి ఉంటే అదీ నమ్మకండి, ల్యాబ్ రిపోర్టు మీద పాథాలజీలో పీజీ చేసిన రిజిస్టర్డ్ డాక్టరే సంతకం చేయాలని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక చేయాల్సిన పని. ముందు పారామెడికల్ బోర్డుకు 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టి, ఈ సంస్థకు ఈ కోర్సుకు ఆ విద్యా సంవత్సరంలో అనుమతి ఉందా అని అడగండి. కోర్సు పేరు, సంవత్సరం తప్పకుండా రాయండి, ఎందుకంటే ఒక కోర్సుకు అనుమతి తెచ్చుకుని దాని పేరుతో నాలుగు కోర్సులు నడిపేవాళ్లు ఉన్నారు. 30 రోజుల్లో జవాబు రావాలి. లేదని వస్తే మీ కేసుకు అంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. ఈలోగా ఫీజు రసీదులు, పాంప్లెట్, వాట్సాప్ మెసేజ్‌లు జాగ్రత్త చేయండి, ఫోన్ మార్చినా అవి పోకూడదు.

తర్వాత ఫీజు, మెమో తిరిగి ఇవ్వాలని స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఫీజు బాకీ ఉందనో, కోర్సు మధ్యలో ఉందనో ఒరిజినల్స్ పట్టి ఉంచుకునే హక్కు వాళ్లకు లేదు. స్పందించకపోతే పోలీస్ స్టేషన్‌లో మోసం కింద ఫిర్యాదు ఇవ్వండి. డబ్బు కట్టింది 2024 జులై 1 తర్వాతయితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4), అంతకుముందయితే పాత ఐపీసీ సెక్షన్ 420. రెండింటిలోనూ ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. ఎస్సై తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టు ఉంది.

డబ్బు రాబట్టడానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, 5 లక్షల లోపు చెల్లింపు విషయంలో కోర్టు ఫీజు లేదు. అక్కడ వాళ్లు 'చదువు సేవ కిందికి రాదు' అని వాదిస్తారు, వాళ్ల వైపు తీర్పులూ ఉన్నాయి, అది మీకు ముందే చెప్పడం నా బాధ్యత. కానీ గుర్తింపు లేకుండానే ఉందన్నట్టు ప్రకటనలిచ్చి విద్యార్థులను చేర్చుకున్న ఒక డెంటల్ కాలేజీ కేసులో 2009లో సుప్రీంకోర్టు విద్యార్థులకు పరిహారం ఇప్పించింది. మీది ఆ దారిలోనే ఉంది. మోసం బయటపడ్డప్పటి నుంచి రెండేళ్ల లోపే వెయ్యాలి, 'రేపు ఇస్తాం, ఎల్లుండి ఇస్తాం' అని వాళ్లు తిప్పుతుంటే ఆ గడువు కరిగిపోతుంది.