ఏ చర్చికి వెళ్లినా మనసు కుదరడం లేదా?

మూడు చర్చిలు మారినా మనసు కుదరలేదంటే, మీరు ఆదివారం పాటలు, ప్రసంగం చూసి తేల్చేస్తున్నట్టున్నారు. ఆ కాసేపట్లో ఏ చర్చి అయినా బాగానే ఉంటుంది. అందుకే ఈ మూడూ చూడండి.

1. ముందు బాప్తిస్మం (నీళ్లతో సంఘంలో చేర్చుకునే ఆచారం) ఎవరికి ఇస్తారో అడగండి, ఇది సంఘాన్ని బట్టి మారుతుంది. లూథరన్, మెథడిస్టు సంఘాల్లో పసిపిల్లలకూ ఇస్తారు, బాప్టిస్టు, పెంతెకోస్తు వాళ్లు నమ్మి ఒప్పుకున్నవాళ్లకే, అదీ నీళ్లలో ముంచి ఇస్తారు.

2. చాలామంది వదిలేసేది ఇదే: వారం మధ్యలో జరిగే బైబిల్ స్టడీకి వెళ్లి, మీకు నిజంగా అర్థం కాని ప్రశ్న ఒకటి అడగండి. పాస్టర్ గారు బైబిల్ తెరిచి మీతో కలిసి వెతుకుతారా, లేక "నీకు విశ్వాసం తక్కువ" అని నోరు మూయిస్తారా? బెరయ అనే ఊరివాళ్లు అపొస్తలుడైన పౌలు చెప్పినదాన్నే లేఖనాల్లో సరిచూసుకున్నారు (బైబిల్లో అపొస్తలుల కార్యములు 17:11), మనం అడిగితే తప్పేంటి?

3. కానుకల లెక్క సంఘానికి చూపిస్తారో లేదో కనుక్కోండి. చూపించకపోతే నేనైతే వెళ్లను.