రెండు వాక్యాలకే కాగితం చింపేస్తున్న మీ అమ్మాయి విషయమై

ఆరవ తరగతి చదివే మీ అమ్మాయి కథ మొదలుపెట్టి వెంటనే చింపేయడానికి కారణం ఊహాశక్తి లోపం కాదు. రాస్తుండగానే మీరు ఒత్తులు, దీర్ఘాలు దిద్దడమే కావచ్చు.

1. వారం రోజులు ఎర్ర పెన్ను దాచేయండి.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇది: రాయించే ముందు చెప్పించండి. ఉదాహరణకు, గుంటూరు మిర్చి యార్డు దారిలో ఆటో వెళ్తుండగా ముందుగా ఎవరు తుమ్మారో, పక్కన కూర్చున్నవారు ఏమన్నారో అడిగి, ఆమె చెప్పిన మాటలను మన యాసలోనే, ఒక్క అక్షరమూ మార్చకుండా మీరు రాసి, ఆమెకే చదివి వినిపించండి. తన మాట కాగితం మీద కనబడితే పెన్ను తనే అడుగుతుంది. (మా అబ్బాయి నాలుగో రోజున లాక్కున్నాడు.)

3. అక్షరదోషాలను మరునాడు, ఆమె గట్టిగా చదువుకుంటూ తానే పట్టుకోనివ్వండి.