విదేశీ ప్రయాణంలో కెమెరాకు బీమా: పాలసీలో ఏం చూసుకోవాలి?

కొత్తగా విదేశాలకు వచ్చినవారిలో చాలామంది, ఖరీదైన కెమెరాతో మరో దేశానికి బయలుదేరేటప్పుడు, ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమాగా ఉంటారు. ఆ బీమా ప్రధానంగా వైద్య ఖర్చులకూ ప్రయాణం రద్దయినప్పటి నష్టానికీ ఉద్దేశించినది. సామానుకు అందులో దక్కేది చిన్న వాటాయే. మొదటి పేజీలో సామాను మొత్తానికి రాసిన అంకె చూసి తృప్తిపడకుండా లోపలి పేజీలు తిరగేస్తే, ఒక్కో వస్తువుకు ఇంతేనని ఒక పరిమితి, నగలు, వాచీలు, కెమెరాలు అన్నిటికీ కలిపి మరో పరిమితి సాధారణంగా కనిపిస్తాయి. బాడీని, లెన్సును, ఫ్లాష్‌ను కలిపి ఒకే వస్తువుగా లెక్కగట్టే పాలసీలు కూడా ఉన్నాయి.

అద్దె ఇంటి బీమా ఉన్నవారు ముందు దాన్ని చూసుకోవడం మంచిది. ఇంటి బయట, ఒక్కోసారి విదేశాల్లో కూడా, దొంగతనానికి అది వర్తించవచ్చు; అయితే కొంత మొత్తం మనమే భరించాలి, పాతబడిన మేరకు విలువ తగ్గించి కట్టిచ్చే పాలసీ అయితే మూడేళ్ల కెమెరాకు వచ్చేది కొత్తది కొనడానికి చాలదు. అందుకే కెమెరా విలువ పెద్దదైతే, ఒక్కో వస్తువు పేరు, సీరియల్ నంబరు, విలువ రాయించి విడిగా బీమా చేయించడమే సరైన పని అని నా అభిప్రాయం. చేయి జారి పగిలినా పరిహారమిచ్చే పాలసీలు ఎక్కువగా ఈ కోవలోనే దొరుకుతాయి. లెన్సులో ఫంగస్ పట్టడం, వాడకం వల్ల అరగడం వంటివాటికి మాత్రం వీటిలోనూ పరిహారం ఉండదు.

క్లెయిములు ఎక్కువగా దెబ్బతినేది 'కనిపెట్టుకుని ఉండని సామాను' అనే షరతు దగ్గర. బ్యాగును కుర్చీకి తగిలించి కౌంటరు దగ్గరకు వెళ్లి వచ్చేలోపు అది మాయమైతే, మీ దృష్టిలో అది దొంగతనం, కంపెనీ దృష్టిలో అజాగ్రత్త. కారు సీటు మీద బయటికి కనబడేలా వదిలిన బ్యాగుకూ ఇదే గతి. ఎక్కడ పోయిందో, ఎలా పోయిందో చెప్పలేని వస్తువుకు చాలా పాలసీలు అసలే చెల్లించవు. పోయినట్టు తెలిసిన వెంటనే అక్కడి పోలీసుల దగ్గర ఫిర్యాదు రాయించి, దాని ప్రతి తీసుకున్నాకే ఆ ఊరు వదలాలి. చాలా పాలసీలు ఇందుకు 24 గంటలే గడువిస్తాయి.

కెమెరాను చెక్-ఇన్ సామానులో వేయకండి. విమానసంస్థల బాధ్యతను నిర్ణయించే మాంట్రియల్ ఒప్పందం వర్తించే అంతర్జాతీయ ప్రయాణాల్లో సామానుకు విమానసంస్థ బాధ్యత, 2024 డిసెంబరు 28 నుంచి, ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి విలువ కట్టే లెక్కల యూనిట్) మాత్రమే. అది కెమెరాకు కాదు, బట్టలతో సహా మొత్తానికి. అంతకుమించి కావాలంటే చెక్-ఇన్ సమయంలోనే విలువను ప్రత్యేకంగా ప్రకటించి, అడిగితే అదనపు రుసుము కట్టాలి. చెక్-ఇన్ సామాను పాడై వస్తే, అందిన ఏడు రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. విడి లిథియం బ్యాటరీలు ఎలాగూ చేతి సంచిలోనే ఉండాలి.

సీరియల్ నంబరు బాడీకి సాధారణంగా అడుగున, లెన్సుకు మౌంటు (బాడీకి బిగించే చోటు) దగ్గరో అంచునో ఉంటుంది. వాటిని దగ్గరగా ఫొటో తీసి, కొన్న రసీదులతో కలిపి ఈమెయిల్‌లో దాచుకోండి. రసీదు దొరకకపోతే, మీరు తీసిన పాత ఫొటోల ఎగ్జిఫ్ సమాచారంలో (ఫొటో ఫైలులో కెమెరా దానంతటదే రాసిపెట్టే వివరాల్లో) అనేక కెమెరాలు తమ నంబరును నమోదు చేస్తాయి కాబట్టి, అది మీ దగ్గర ఉండేదనడానికి కొంత ఆధారమవుతుంది. అమెరికాలో ఉంటున్నవారు బయలుదేరే ముందే కస్టమ్స్ వారి దగ్గర 4457 ఫారం మీద కెమెరాను నమోదు చేయించుకుంటే, తిరిగి వచ్చేటప్పుడు దాన్ని విదేశాల్లో కొన్నారన్న అనుమానం రాదు.

డబ్బు తీసుకుని ఫొటోలు తీసేవారి సంగతి వేరు. తెలిసినవారి పెళ్లికి తీసి కొంత పుచ్చుకున్నా అది వృత్తిపరమైన వాడకమేనని కంపెనీ వాదించి, వ్యక్తిగత పాలసీ కింద క్లెయిమును తిరస్కరించవచ్చు. అలాంటి పని ఉంటే వృత్తి పరికరాల పాలసీ తీసుకోవాలి. పరికరాలు ఎక్కువైతే, వెళ్లే దేశం అంగీకరించే పక్షంలో, ఏటీఏ కార్నే (సామానును సుంకం కట్టకుండా తాత్కాలికంగా తీసుకెళ్లనిచ్చే కస్టమ్స్ పత్రం) కూడా వెంట ఉంచుకోవాలి. మీ వాడకం ఏ కోవకు వస్తుందో కంపెనీని అడిగి, ఆ సమాధానాన్ని ఫోన్‌లో కాక ఈమెయిల్‌లో తెప్పించుకోండి.